జేమ్స్ ప్రెస్కాట్ జూల్

సబ్‌స్టేషన్లలో షిఫ్టు డ్యూటీలు చేసిన మన మిత్రులకు ఓవర్‌కరెంట్ రిలే కొత్త కాదు. కరెంటు పెరిగిన కొద్దీ అది ట్రిప్ చేసే సమయం తగ్గుతుంది. ఎందుకలా? దీనికి ఆధారమైన సూత్రాన్ని, అటువంటి రిలేలు పుట్టకముందే తేల్చినవాడు జూల్.

ఆయన 1818 డిసెంబరు 24న ఇంగ్లండులోని సాల్‌ఫోర్డులో జన్మించాడు. తండ్రికి బీరు తయారుచేసే కార్ఖానా ఉండేది. చిన్ననాట ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇంటివద్దనే చదువుకున్నాడు. పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద కొంతకాలం శిష్యరికం చేశాడు. విశ్వవిద్యాలయం మెట్లెక్కి చదివినవాడు కాదు. కార్ఖానా వ్యవహారాలు చూసుకుంటూనే సొంత ఖర్చుతో ప్రయోగాలు చేశాడు.

నీటిలో ఉంచిన తీగచుట్టలో కరెంటు పంపి, నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. తీగలో పుట్టే వేడి దాని నిరోధాన్నిబట్టి, కరెంటు వర్గాన్నిబట్టి, సమయాన్నిబట్టి ఉంటుందని 1840లో తేల్చాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు కూడా నిండలేదు. రాయల్ సొసైటీ ఆ వ్యాసానికి సంగ్రహం మాత్రమే అచ్చువేసింది. పూర్తి వ్యాసం 1841లో వేరే పత్రికలో వెలువడింది.

కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, పదింతలైతే నూరింతలు. కనుక ఫాల్టు కరెంటు పెరిగిన కొద్దీ కేబులు, ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోగలిగే సమయం వేగంగా తగ్గిపోతుంది. రిలే అంతకుముందే ట్రిప్ చేయాలి. మనకు పరిచయమైన స్టాండర్డ్ ఇన్వర్స్ రిలే, టైమ్ మల్టిప్లయర్ 1 వద్ద, సెట్టింగుకు 2 రెట్ల కరెంటుకు సుమారు 10 సెకన్లు, 10 రెట్లకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది. ఎక్‌స్ట్రీమ్లీ ఇన్వర్స్ రకంలో అవే సమయాలు 27 సెకన్లు, 0.8 సెకను. జూల్ చెప్పిన వర్గ సూత్రానికి దగ్గరగా నడిచేది ఈ రెండవ రకమే.

1847లో ఆక్స్‌ఫర్డు సభలో విలియం థామ్సన్ గుర్తించే దాకా జూల్‌ను పట్టించుకున్నవారు తక్కువ. 1850లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1854లో భార్య మరణించింది. చివరి దశలో ఆర్థికంగా చితికిపోగా, 1878లో ప్రభుత్వం ఏటా 200 పౌన్ల పెన్షను మంజూరు చేసింది. ఆ విధంగా ఆయన కూడా మన వంటి పెన్షనరే!

1889 అక్టోబరు 11న కన్నుమూశాడు. ఆయన సమాధిమీద 772.55 అనే అంకె చెక్కారు. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడిచేయడానికి ఎన్ని అడుగు-పౌన్ల పని కావాలో తెలిపే ఆయన లెక్క అది. ఈనాడు శక్తిని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టుకున్నాం. మన ఫీడర్లను, వాటిమీద పనిచేసేవారిని కాపాడే ఓవర్‌కరెంట్ రిలే సెట్టింగుల వెనుక ఆయన కొలిచిన ఆ వేడి లెక్కే ఉంది.