తొందరపడని కమాను: ద్వారం వెంకటస్వామినాయుడు గారి నాదసాధన

విజయనగరం అనగానే మనకి పైడితల్లి అమ్మవారు, సిరిమానోత్సవం గుర్తొస్తాయి. నాదోపాసనే జీవితంగా బతికిన ఓ మహానుభావుడిది కూడా ఆ ఊరే అనుకోవాలి, పుట్టింది అక్కడ కాకపోయినా. ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడు గారు.

1893లో దీపావళి నాడు బెంగళూరులో పుట్టారు, విశాఖపట్నంలో పెరిగారు. దీపాల పండగ రోజు పుట్టిన పిల్లాడికి చూపు సరిగా ఆనేది కాదు. బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు వయొలిన్ చేతికిచ్చి పాఠాలు చెప్పారు. ఇక అదే లోకం.

1919లో మహారాజావారు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి కళ్లు కనిపించవని, ఆ అబ్బాయి కోసమే అది మొదలైందని చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయిద్యం విని ఏకంగా గురువుగా కూర్చోబెట్టేశారట!

అలాంటి గుర్తింపు మనకొస్తే? మర్నాటికల్లా రీల్ పెట్టేస్తాం. ఆయన మాత్రం పిల్లలకి పాఠాలు చెప్తూ, సాధన చేస్తూ, పెద్ద పెద్ద గాయకులకి పక్కవాద్యం వాయిస్తూ ఉండిపోయారు. అప్పట్లో కచేరీలో వయొలిన్ అంటే పక్కవాద్యమే మరి. గాయకుడు ఆలాపన చేస్తుంటే వెంట నడవాలి, ఆయన ఆగితే అందుకోవాలి, మళ్లీ తగ్గి చోటివ్వాలి. వాయించడం కంటే వినడమే ఎక్కువ. పైగా వీణకి ఉన్నట్టు వయొలిన్‌కి మెట్లుండవు. వేలు రవ్వంత జరిగినా స్వరం చెడుతుంది. చూపు ఆసరా లేని మనిషికి చెవే దారి. ఆ దారి పడాలంటే ఏళ్లు పడుతుంది, వేరే కిటుకేం లేదు.

వయొలిన్ ఒక్కటే ముఖ్యవాద్యంగా ఆయన కచేరీ చేసింది 1938లో, వెల్లూరులో. అంటే గురువుగా చేరిన 19 ఏళ్లకి! అప్పటికి కళాశాల ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆ తర్వాత 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో మద్రాసులో కన్నుమూశారు.

ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్నది కూడా ఆ కళాశాలలోనే. అది ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి సిరిమానుకి వెళ్తే అటు కూడా ఓసారి వెళ్లి రండి. ఈలోగా నాయుడు గారి పాత రికార్డు ఒకటి పెట్టుకుని, స్పీడు పెంచకుండా, చివరిదాకా వినండి.