శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమకు నడిగడ్డ యని పేరు. ఈ సీమలోని ఇటిక్యాలపాడు శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. వారు 1896 మే 28వ తేదీన నారాయణరెడ్డి, రంగమ్మ దంపతులకు జన్మించిరి. కర్నూలు, హైదరాబాదులందు చదివి, మదరాసున బి.ఏ. పట్టమును, పిమ్మట బి.ఎల్. పట్టమును పొందిరి. న్యాయవాదవృత్తి చేతికంది యున్నను, వారి మనస్సు ప్రజాసేవయందే లగ్నమయ్యెను.

ఆ కాలమున నిజాము రాజ్యమందు సంఘసేవ సులభసాధ్యము కాదు. రాజభాష ఉర్దూ, ఉన్నత విద్యయు చాలవరకు ఆ భాషయందే. పల్లెబాలుడు చదువునకై పట్నము చేరినను తల దాచుకొన చోటు లేకుండెను. సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి ముందుగా పొందవలెను.

వసతి చిక్కును తీర్చుటకై రాజా బహద్దరు వెంకటరామరెడ్డిగారు మొదలగు పెద్దలు 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిరి. ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వాహకులై, విద్యార్థుల యోగక్షేమములు కనిపెట్టుచు, గ్రంథాలయమును వృద్ధిచేసిరి. అన్నముతోపాటు పుస్తకమును అందిననే విద్యార్థి ప్రయోజకుడగునని వారి ఆశయము.

అయినను ఒక గృహమున కొందరికే చోటుండును. పల్లెలందలి జనుల కష్టము లోకమునకు తెలియుటకు పత్రిక కావలసెను. అందుచే 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపణ పుట్టగా, వాదముతో కాక నిదర్శనముతో బదులు చెప్పిరి: 354 మంది కవుల రచనలు కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి.

1949లో ప్రకటింపబడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలకే ప్రాముఖ్యము కలదు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

దాతలైన మహాజనులు వారి చరితమునుండి గ్రహింపదగిన దొకటి కలదు. శిలాఫలకము గల భవనమునకు విరాళము త్వరగా సమకూరును. ఏటేటి భోజనవ్యయమునకు, పుస్తకములకు, నిర్వాహకుని జీతమునకు సమకూరుట కష్టము. సేవాసంస్థలు కుంటువడునది ఇచ్చటనే. ప్రతాపరెడ్డిగారు కులసంస్థయందు పనిచేసియు, తమ కలమును తెలుగువారందరికిని అర్పించిరి. మన విద్యానిధియు అట్లే నిలుకడగను, విశాలముగను ఉండుగాక.