రాజుగారు గుర్తుపట్టని రాళ్లు

మా పెనుగొండ నగరేశ్వరస్వామి గుళ్లోకి వెళ్లేటప్పుడు గడప రాయికి దండం పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఏ రాయిని దేవుడంటాం, ఏ రాయిని ఉత్త రాయంటాం? రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారి జీవితం చదివాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

1783లో జమీందారీ ఆయన చేతికొచ్చింది. అప్పటి రాజధాని కృష్ణ ఒడ్డున చింతపల్లి. చెంచుల్ని భోజనానికి పిలిచి నరికించారనీ, ఆ తర్వాత కంచంలో అన్నం పురుగుల్లా కనిపించేదనీ, అమరేశ్వరుడి సన్నిధికి చేరాకే మనసు కుదుటపడిందనీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. గుళ్లకు ఆయన పెట్టిన ఖర్చుకి లెక్కలేదు. మంగళగిరిలో 153 అడుగుల గాలిగోపురం 1807-09 మధ్య ఆయన కట్టించిందే.

1790ల చివర్లో కంపెనీవాళ్లతో పొసగక చింతపల్లి వదిలేసి, అమరేశ్వరస్వామి గుడి దగ్గర కొత్త పట్నం మొదలుపెట్టారు. ఇళ్లకి రాయి, ఇటుక కావాలి కదా! పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి అది.

అది దాదాపు రెండువేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం. పాత పలకల మీద బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం... అవే ఆయన. ఆ పలకలు రాజులు మాత్రమే ఇచ్చినవి కావు. తోలుపని చేసే విధికుడు అనే ఆయన ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకని సమర్పించాడు.

రాజుగారి కాలానికి వాటికి దండం పెట్టేవాళ్లు అక్కడ ఎవరూ మిగల్లేదు. కొన్ని గోడల్లోకి, కొన్ని చెరువు మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించే సరికి దిబ్బ నడుమ చెరువు ఉంది. ఆ రోజుల్లోనే రాజుగారూ కాలం చేశారు. తర్వాత దొరికినవాటిలో చాలా మటుకు చెన్నైకి, లండన్‌కి చేరాయి.

ఆయన్ని దుర్మార్గుడని నేను అనలేను. అంత భక్తి ఉన్న మనిషే ఇంకొకరి భక్తిని గుర్తుపట్టలేకపోయారు. అదే నాకు భయం వేసే సంగతి.

2018 నుంచి మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ అమరావతి పూర్ణకుంభమే. ఈసారి ఏ సర్టిఫికెట్ మీదైనా కనిపిస్తే, విధికుణ్ణి ఒక్కసారి తలుచుకోండి.