పొరుగువాని గ్రంథాన్ని గౌరవంతో తెరచిన మాక్స్ ముల్లర్



కాలేజీలో చదువుకుంటున్న మీ అబ్బాయో, అమ్మాయో ప్రపంచ మతాల గురించిన పాఠ్యపుస్తకం ఒకటి ఇంటికి తెచ్చారనుకోండి. అందులో వేదాలు, ధమ్మపదం, ఖురాన్, బైబిలు ఒకదాని ప్రక్కన ఒకటి ఉంటాయి. ఇన్ని మతాలను పోల్చి చదివితే బిడ్డ విశ్వాసం సడలిపోతుందేమో అని మీకు దిగులు కలగవచ్చు. ఈ దిగులు ఈనాటిది కాదు. ఆ చదువుకు పునాది వేసిన వారిలో ముఖ్యుడైన మాక్స్ ముల్లర్‌ను జీవితమంతా వెంటాడింది ఇదే. ఆయన కథ ఒకసారి వినండి.

ఆయన 1823 డిసెంబరు 6న జర్మనీలోని డెస్సౌ పట్టణంలో, లూథరన్ కుటుంబంలో జన్మించారు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ పేరుపొందిన కవి. కుమారునికి నాలుగేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. తండ్రి లేని ఆ బిడ్డ కష్టపడి చదివి, 1843లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. 1845లో పారిస్ చేరినప్పుడు బర్నూఫ్ అనే ఆచార్యుడు ఆయనను ఋగ్వేదం వైపు త్రిప్పారు. చేతిలో డబ్బు లేదు. వ్రాతప్రతులకు నకళ్లు వ్రాసి పొట్టపోసుకుంటూ చదువు సాగించారు.

1846లో ఇంగ్లండు వెళ్లారు. ఈస్టిండియా కంపెనీ ఖర్చు భరించగా, సాయణాచార్యుల భాష్యంతో సహా ఋగ్వేదాన్ని 6 సంపుటాలుగా అచ్చువేయించారు. మొదటిది వెలువడింది 1849లో, చివరిది 1874లో. ఒక్క గ్రంథానికి పాతికేళ్లు! తరువాత 1890-92లో వచ్చిన రెండవ ముద్రణకు ధనసహాయం చేసింది ఎవరో తెలుసా? మన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు గారు.

ఇంత పండితుడికి కూడా ఆక్స్‌ఫర్డులో పరీక్ష ఎదురయింది. 1860లో అక్కడి సంస్కృత ఆచార్య పదవికి ఎన్నిక జరిగింది. ఓటర్లు ఆ విశ్వవిద్యాలయపు పట్టభద్రులు. వారిలో ఆంగ్లికన్ గురువులు చాలామంది. ముల్లర్ విదేశీయుడని, ఆయన క్రైస్తవ విశ్వాసం గట్టిది కాదని ప్రచారం జరిగింది. ప్రత్యర్థి మోనియర్ విలియమ్స్‌కు 833 ఓట్లు, ముల్లర్‌కు 610 ఓట్లు వచ్చాయి. ఆ ఓటమి ఆయనను ఎంతగానో బాధించింది. అయినా చేపట్టిన పని వదలలేదు. 1868లో ఆయన కోసమే భాషల తులనాత్మక అధ్యయనానికి ఒక ఆచార్య పదవిని నెలకొల్పారు.

1870లో లండనులో ఆయన చేసిన 4 ఉపన్యాసాలే మత అధ్యయనం ఒక శాస్త్రంగా నిలబడడానికి దారితీశాయి. ఆయన వాదన మనకు తెలిసిన విషయంతోనే చెప్పుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు తన భాషకొక వ్యాకరణం ఉందని తోచదు. హిందీయో, ఇంగ్లీషో నేర్చుకున్నప్పుడే తెలుగు తీరు ఏమిటో తెలుస్తుంది. అలా నేర్చినందువల్ల తల్లిభాషను మరచిపోడు కదా! మతం విషయంలోనూ అంతేనని ఆయన నమ్మారు.

1879 నుండి ఆయన సంపాదకత్వంలో తూర్పు దేశాల పవిత్ర గ్రంథాలు ఇంగ్లీషులో రాసాగాయి. ఆయన మరణానంతరం 1910లో సూచికతో కలిపి 50 సంపుటాలు పూర్తయ్యాయి. ఉపనిషత్తులను, ధమ్మపదాన్ని ఆయనే అనువదించారు. చైనా గ్రంథాలను అనువదించిన జేమ్స్ లెగ్ ఒక ప్రొటెస్టెంట్ మిషనరీ.

ఆయనలో లోపాలు లేవని కాదు. మన దేశాన్ని ఆయన ఎన్నడూ కంటితో చూడలేదు. మతాన్ని గ్రంథాలలో వెదికారే గాని, పొలంలో, గుడి ముంగిట, వంటింటిలో బ్రతికే మతాన్ని ఎరుగరు. తన వేదముద్రణ హిందూ మతాన్ని పెకలించడానికి తోడ్పడుతుందని భార్యకు లేఖ వ్రాసినవారు కూడా ఆయనే. కాని చదివేకొద్దీ చూపు మారింది. 1896లో స్వామి వివేకానందను తన ఇంటికి ఆహ్వానించి ఆదరించారు. రెండేళ్లకు రామకృష్ణ పరమహంసపై పుస్తకం వెలువరించారు.

ఇక మన కథోలికుల సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1891లో, గ్లాస్గోలో ఆయన ఇస్తున్న ఉపన్యాసాలు దైవ ప్రకటనపైన, క్రీస్తు ప్రభువుపైన దాడి అని అక్కడి కథోలిక గురువు ఒకరు ఖండించారు. ముల్లర్ మాత్రం చివరివరకు తాను క్రైస్తవుడననే చెప్పుకున్నారు. 1900 అక్టోబరు 28న ఆక్స్‌ఫర్డులో మరణించారు.

సరిగ్గా 65 ఏళ్లకు, 1965లో అదే అక్టోబరు 28న, ద్వితీయ వాటికన్ మహాసభ 'నోస్త్రా ఎతాతే' అనే ప్రకటనను వెలువరించింది. ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ శ్రీసభ త్రోసిపుచ్చదని అందులో బోధించింది. హిందువులు, బౌద్ధులు, ముస్లిములు, యూదుల పేర్లు చెప్పి మరీ గౌరవించింది. అదే పత్రం క్రీస్తును మార్గముగా, సత్యముగా, జీవముగా ప్రకటించడం శ్రీసభ మానదని కూడా చెప్పింది. ఆ తేదీల కలయిక యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఒకనాడు మనం అనుమానించిన చదువుకు శ్రీసభ తలుపు తెరచిందన్నది వాస్తవం.

కాబట్టి బిడ్డ తెచ్చిన పుస్తకాన్ని దాచిపెట్టకండి. ప్రక్కన కూర్చోండి. మన మతంలోని మంచి మాటలను ఎదుటివారి చెడ్డ పనులతో పోల్చడం న్యాయం కాదని చెప్పండి. వారి గ్రంథాన్ని వారి మాటల్లోనే చదవమనండి. ఆపైన మన విశ్వాసం గురించి బిడ్డ ప్రశ్న అడిగితే, జవాబు చెప్పగలిగేలా మనమూ మన పరిశుద్ధ గ్రంథాన్ని తెరవాలి. నిజం చెప్పాలంటే, మన దిగులు ఎదుటివారి గ్రంథం గురించి కంటే, మనం తెరవని మన గ్రంథం గురించే ఉండాలేమో!