ఉరికంబం ముంగిట నల్గొండ ఖైదీల పక్షాన నిలిచిన బారిస్టర్ ప్రిట్

నల్గొండ: తెలంగాణ సాయుధ పోరాట యోధులకు జిల్లాలో పలు గ్రామాల్లో స్థూపాలు వెలిశాయి. ఉరిశిక్ష పడిన ఆ పోరాట ఖైదీల పక్షాన వాదించేందుకు లండన్ నుంచి తరలివచ్చిన న్యాయవాది డెనిస్ నోవెల్ ప్రిట్ చరిత్ర మాత్రం నేటి తరంలో కొద్దిమందికే తెలుసు.

ప్రిట్ 1887 సెప్టెంబరు 22న లండన్ సమీపంలోని హార్లెస్‌డెన్‌లో జన్మించారు. 1909లో బారిస్టరయ్యారు. 1927లో కింగ్స్ కౌన్సెల్ హోదా పొందారు. 1935 నుంచి 1950 వరకు బ్రిటన్ పార్లమెంటు సభ్యుడిగా కొనసాగారు. ప్రభుత్వాధికారానికి చట్టం గీసిన హద్దులెక్కడ అన్న ప్రశ్నే ఆయన చేపట్టిన ప్రధాన కేసులకు మూలం.

వలస దేశాల తుది అప్పీళ్లు వినే ప్రీవీ కౌన్సిల్‌లో 1931లో ఆయన భగత్‌సింగ్ తరఫున వాదించారు. గవర్నర్ జనరల్ ఆర్డినెన్సు ద్వారా ఏర్పాటు చేసిన ప్రత్యేక ట్రిబ్యునల్ చెల్లదన్నది ఆ వాదన సారాంశం. కౌన్సిల్ దానిని తిరస్కరించింది. మార్చి 23న భగత్‌సింగ్‌ను ఉరితీశారు. హాంకాంగ్‌లో నిర్బంధితుడైన హోచిమిన్ కేసులో మాత్రం 1932లో రాజీ కుదిరింది. ఆయన ఫ్రెంచి పాలకుల చేతికి చిక్కకుండా బయటపడ్డారు.

మళ్లీ అటువంటి ప్రశ్నే నల్గొండ నుంచి ఎదురైంది. ఇక్కడి ప్రత్యేక ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో విధించిన మరణశిక్షలను అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఖరారు చేసింది. రాజ్యాంగం అమల్లోకి రాకముందే ఆ తీర్పులు వెలువడినందున అప్పీలు వినే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు పేర్కొంది. దాంతో రిట్ పిటిషన్లే దిక్కయ్యాయి. నిందితులకు న్యాయవాది సాయం అందని విచారణ న్యాయబద్ధం కాదని వారి పక్షం వాదించింది. అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1951 మార్చిలో తీర్పు చెప్పింది.

న్యాయస్థానంలో ఓటమి ఎదురైనా పన్నెండు మందిలో ఎవరినీ ఉరితీయలేదు. దేశ విదేశాల నుంచి వెల్లువెత్తిన విజ్ఞప్తుల నడుమ వారి శిక్షలు యావజ్జీవ కారాగారంగా మారాయి.

అనంతరం ప్రిట్ 1952-53లో కెన్యాలోని కపెన్‌గురియాలో జోమో కెన్యట్టా తరఫున వాదించారు. శిక్ష తప్పకపోయినా, కెన్యట్టా తదుపరి కాలంలో స్వతంత్ర కెన్యాకు సారథి అయ్యారు.

ప్రిట్‌పై విమర్శలూ లేకపోలేదు. 1936 నాటి మాస్కో విచారణలను ఆయన సమర్థించారు. ఫిన్లాండుపై సోవియట్ దాడిని వెనకేసుకొచ్చినందుకు 1940లో లేబర్ పార్టీ ఆయనను బహిష్కరించింది. వలస ఖైదీల హక్కులపై చూపిన పట్టుదల సోవియట్ ఖైదీల విషయంలో కానరాలేదు. 1972 మే 23న ఆయన కన్నుమూశారు.

నల్గొండ ఖైదీలు లేవనెత్తిన ప్రశ్నకు కాలం మరో రీతిలో బదులిచ్చింది. 1976లో ఉచిత న్యాయ సహాయానికి సంబంధించిన 39-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. పేద నిందితుడికి న్యాయవాది సాయం జీవించే హక్కులో అంతర్భాగమని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు నాటికి ప్రిట్ కన్నుమూసి ఏడేళ్లయింది.