ఇంకు ప్యాడ్ పక్కకు జరిపిన నాయనమ్మ

మాది దుగ్గిరాల. పసుపు యార్డు వాసన మధ్య పెరిగాను. ఇంటర్ అయ్యాక నన్ను హాస్టల్లో పెట్టి ఇంజనీరింగ్ చదివించాలా, సంబంధం చూడాలా అని ఇంట్లో పెద్ద రభసే జరిగింది. అయిదో తరగతిలో బడి మానేసి పెళ్లిపీటలెక్కిన మా నాయనమ్మే పట్టుబట్టి నన్ను పంపింది. అందుకేనేమో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి చదువుతుంటే మా ఇంటి సంగతే చదువుతున్నట్టు ఉంటుంది.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పేశారు. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. చదువురాని ఆడ ఖైదీల అవస్థ అక్కడ కళ్లారా చూశారు. బయటికొచ్చాక, ఆగిపోయిన చదువు మెట్రిక్ నుంచి మొదలుపెట్టి లాయరయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు.

రాజ్యాంగ సభలో ఆడవాళ్లు 15 మందే. అందులో ఆవిడ ఒకరు. ఆ రాజ్యాంగం ఆడవాళ్లందరికీ ఓటిచ్చింది. కానీ 1951 జనాభా లెక్కల్లో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. మొదటి ఎన్నికల్లో, సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని రాయించుకున్నందుకు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. ఓటు హక్కు వచ్చింది, దాన్ని అందుకునే పేరే లేకపోయింది!

1952లో దుర్గాబాయి పార్లమెంటుకు గెలవలేకపోయారు. అయినా ఆగలేదు. ప్రణాళికా సంఘంలో పనిచేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. బడి మధ్యలో మానేసిన పెద్దవయసు ఆడవాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సులు 1958లో ఆ బోర్డే మొదలుపెట్టింది. తను నడిచొచ్చిన దారినే అందరికీ వేశారన్నమాట. 1981లో కన్నుమూశారు.

మొన్న ఎన్నికలకు ఊరెళ్లి నాయనమ్మను బూత్‌కు తీసుకెళ్లాను. అక్కడి ఆయన వయసు చూసి, అడగకుండానే ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. నాయనమ్మ దాన్ని పక్కకు జరిపి పెన్ను అడిగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. వెనక లైనులో ఎవరో విసుక్కున్నారు. నేను మాత్రం తొందరపెట్టలేదు.