గుర్రాల కోసం ఎదురుచూచిన పిల్లవాడు

వర్డ్స్‌వర్త్ పేరు చెప్పగానే మన విద్యార్థులకు సరస్సు గట్టున గాలికి తలలూపే డాఫొడిల్ పూలు జ్ఞాపకం వస్తాయి. ఆ పూలను కంటితో చూచినవారు మనలో బహు కొద్దిమంది. అయినా పాఠ్యపుస్తకాల పుణ్యమా అని అవి మనకు బంతిపూలంత పరిచితమైపోయినవి. అందువలన ఆ కవిని వసంతానికి చెందినవానిగా లెక్క కట్టుకొన్నాం. మన భావకవులు కూడ అతనిలోని పూలనూ కోయిలనూ ప్రేమించినంతగా మంచును ప్రేమించినట్లు నాకు తోచదు. అందులో వారి తప్పేమీ లేదు. గోదావరి గట్టున పుట్టినవానికి భోగిమంట వేసుకొనే చలి తప్ప వేరు చలి తెలియదు. అయితే వర్డ్స్‌వర్త్ జీవితం చదివినకొద్దీ అతడు వసంతం కంటె శీతకాలానికే ఎక్కువ ఋణపడినవాడని నాకు అనిపిస్తుంది.

విలియం వర్డ్స్‌వర్త్ 1770 ఏప్రిల్ 7వ తేదీన ఇంగ్లండు వాయవ్య భాగాన, కంబర్లండు మండలంలోని కాకర్‌మత్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. ఇంటి వెనుకనే డెర్వెంట్ నది. తండ్రి జాన్, ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి సర్ జేమ్స్ లౌథర్ వద్ద న్యాయవ్యవహారాలు చూచే ఉద్యోగి. అయిదుగురు సంతానంలో విలియం రెండవవాడు. చెల్లెలు డొరొతీ అతనికంటె ఇరవై నెలలు చిన్నది. 1778లో తల్లి కన్నుమూసినది. డొరొతీని దూరాన ఉన్న హాలిఫాక్స్‌కు, బంధువుల ఇంటికి పంపినారు. తొమ్మిదేండ్లపాటు ఆ అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మరుసటి సంవత్సరం విలియంను హాక్స్‌హెడ్ గ్రామంలోని బడిలో చేర్చినారు. ఆన్ టైసన్ అనే గ్రామీణ స్త్రీ ఇంట అతనికి బస. తల్లి లేని పిల్లవానికి ఆమె తల్లివంటిదయినది.

అక్కడి కొండలు మన హిమాలయాల ముందు గుట్టలే. అన్నిటికంటె ఎత్తయిన శిఖరం కూడ 978 మీటర్లే. కాని శీతకాలంలో ఆ గుట్టల గాంభీర్యం వేరు. డిసెంబరులో సాయంకాలం నాలుగు గంటలు కాకముందే ప్రొద్దు క్రుంకుతుంది. ఊరి ప్రక్కనున్న ఎస్త్‌వైట్ సరస్సు గట్టిగా గడ్డకట్టినప్పుడు పిల్లలు బూట్ల అడుగున ఇనుప పలకలు కట్టుకొని దానిపై గుంపులుగా జారేవారు. ఇండ్ల కిటికీలలో దీపాలు వెలిగి రమ్మని పిలిచినా ఇంటికి పోయేవారు కారు. విలియం ఒక్కొక్కప్పుడు గుంపునుండి విడివడి, వడిగా జారుతూ జారుతూ మడమలపై చటుక్కున నిలిచిపోయేవాడట. తాను ఆగినా చుట్టూ ఉన్న కొండలు ఆగక గిర్రున తిరుగుతూనే ఉండేవి. పిల్లలందరూ గిరగిర తిరిగి కూలబడినప్పుడు ఎరిగిన అనుభవమే ఇది. అతడు మాత్రం దానిని మరువలేదు.

1783 క్రిస్మస్ సెలవులు వచ్చినవి. పదమూడేండ్ల విలియం, అతని సోదరులు ఇంటికి పోవలె. వారికోసం ఇంటినుండి గుర్రాలు రావలె. అవి రెండు బాటలలో ఏ బాటన వస్తాయో తెలియదు. రెండూ కనిపించే మిట్ట నెక్కి, ఒక రాతిగోడ చాటున విలియం కూర్చొన్నాడు. ఈదురుగాలి, పొగమంచు. కుడిప్రక్క ఒంటరి గొఱ్ఱె, ఎడమప్రక్క ముండ్లచెట్టు. ఆ మంచు తెర తొలగినప్పుడల్లా కళ్లు చించుకొని చూచినాడు. ఇల్లు చేరి పదిదినాలైనా కాలేదు, తండ్రి మరణించినాడు. ఆయన ఉద్యోగవిధిపై తిరిగివస్తూ ఒక చలిరాత్రి కొండల్లో దారితప్పి, నీడ లేక తెల్లవార్లూ గడిపినాడు. ఆ జబ్బే డిసెంబరు 30న ప్రాణం తీసినది. ఇంటికి పోవలెనని తాను పడిన ఆత్రమే ఒక అపరాధమనీ, దానికిది శిక్ష అనీ ఆ పసిమనస్సుకు తోచినది.

లౌథరు తండ్రికి బాకీపడిన 4,000 పౌండ్లకు పైబడిన సొమ్ము అతడు బ్రతికుండగా పిల్లలకు దక్కలేదు. 1802లో అతడు పోయిన పిమ్మట వారసుడు చెల్లించినాడు. ఈ నడుమ కేంబ్రిడ్జి చదువు, ఫ్రాన్సు విప్లవం, అక్కడ ప్రేమించిన స్త్రీకి, పుట్టిన కూతురుకు యుద్ధం వలన దూరం కావడం, కోల్రిడ్జితో స్నేహం జరిగినవి. ఇవి అందరూ వ్రాసిన సంగతులే.

1798 శరత్తులో అన్నాచెల్లెళ్లు కోల్రిడ్జితో కలిసి జర్మనీ వెళ్లినారు. మిత్రుడు వేరే ఊరికి పోగా వీరిద్దరూ హార్జ్ పర్వతాల పాదాన ఉన్న గోస్లార్ పట్టణం చేరినారు. భాష నేర్చుకొందామని వెళ్లినవారికి మాట్లాడేవారు కరవు. చెల్లెలు వెంట ఉన్నందున విందులకు మారువిందులు ఇయ్యవలె, అందుకు డబ్బు లేదు. చదువుకొన పుస్తకాలూ లేవు. ఆ శతాబ్దంలోనే కడు కఠినమని పేరుపడిన చలి వారిని ఫిబ్రవరిదాక అక్కడ బంధించినది. విలియం పడుకొనే గది ఎంత చల్లనిదంటే, ఏదో ఒక రాత్రి అతడు గడ్డకట్టి చస్తాడని ఇంటివారు అనేవారు. పగలు లోపల బొచ్చు వేసిన కోటు, కుక్కతోలు టోపీ ధరించి కోటగోడలపైనా, కొలనున్న తోటలోనూ తిరిగేవాడు. తోడు ఒక లకుముకి పిట్ట. ఇనుప పొయ్యి మీద వెచ్చదనం కోసం దేవులాడిన ఈగమీద కూడ ఒక పద్యం వ్రాసినాడు!

ఆ పరాయి చలిలో చిన్ననాటి చలి తిరిగివచ్చినది. సరస్సుపై జారిన సాయంకాలాలు, రాత్రివేళ కొండల్లో పిట్టలకు ఉచ్చులు పన్నిన సంగతులు అక్కడనే కవితలైనవి. సాటిలేని ఆత్మచరిత్ర కావ్యానికి అది అంకురం. పుస్తకాలూ స్నేహితులూ దొరికి ఉంటే అది అప్పుడు మొలకెత్తేదా అని నాకు సందేహం.

1799 డిసెంబరు 20న అన్నాచెల్లెళ్లు గ్రాస్‌మియర్‌లో ఒక చిన్న ఇల్లు చేరినారు. అదీ శీతకాలమే. 1805 ఫిబ్రవరి 5న తమ్ముడు జాన్, తాను కెప్టెనుగా ఉన్న ఈస్టిండియా కంపెనీ ఓడ మన దేశానికి బయలుదేరి ఇంగ్లండు తీరం దాటకముందే మునిగిపోగా మరణించినాడు. గుర్రాలకోసం ఎదురుచూచిన సోదరులలో అతడూ ఒకడు. ఆ దుఃఖంలోనే, మే నెలలో, పదమూడు భాగాల కావ్యం పూర్తయినది. కాని వర్డ్స్‌వర్త్ దానిని అచ్చువేయలేదు. దిద్దుతూ, చేర్చుతూ ఇంటనే ఉంచుకొన్నాడు. అరవయ్యవ ఏట కూడ రైడల్ సరస్సు మంచుపై అతడే మేటి అని డొరొతీ ఒక ఉత్తరంలో వ్రాసినది.

1843లో ఆస్థానకవి పదవి లభించినది. 1850 ఏప్రిల్ 23న కాలధర్మం చెందినాడు. జూలైలో భార్య మేరీ ఆ కావ్యానికి ‘ప్రెల్యూడ్’ అని పేరుపెట్టి, పదునాలుగు భాగాలుగా ప్రచురించినది. పన్నెండవ భాగంలో ఆ రాతిగోడ, ఆ గొఱ్ఱె, ఆ ముండ్లచెట్టు ఉన్నవి. తండ్రి పోయిన తరువాత తాను తలపులో మరల మరల అక్కడికే పోయి, ఊటనీరు త్రాగినట్లు త్రాగుతూ వచ్చినానని అతడు అక్కడ చెప్పుకొన్నాడు.